ఇంట్లో పిండివంటల వ్యాపారం: చేతిలో నాలుగు రూపాయలు మిగలాలంటే ఎలా చేయాలి

రాజమండ్రిలో మా వీధిలో పన్నెండేళ్ళ కిందట పిండివంటలు చేసి అమ్మేవాళ్ళం ఐదుగురం ఉండేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరం మిగిలాం. మానేసినవాళ్ళలో ఒకావిడ చేసే కజ్జికాయల ముందు నావి దిగదుడుపే, ఆ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. ఆవిడ మానేసింది రుచి తక్కువై కాదు. డ్వాక్రా డబ్బులు ఇంటి స్లాబుకి పోయాయి, వాయిదాలు మాత్రం కజ్జికాయలు కట్టాల్సి వచ్చింది. రెండో ఆవిడ అత్తగారు మంచాన పడితే పొయ్యి దగ్గర నిలబడే టైమే లేకపోయింది. మూడో ఆవిడ రోజూ అమ్మింది, రోజూ డబ్బు కళ్ళచూసింది, ఏడాది తిరిగేసరికి శనగపిండి కొనడానికి పర్సులో వంద రూపాయలు లేవు.

అందుకని పాకం ఎలా పట్టాలో ఇక్కడ చెప్పను. అది మీకు నాకంటే బాగా వచ్చి ఉండొచ్చు. పొయ్యి కట్టేశాక చేయాల్సిన పనుల గురించే చెప్తాను. మీది కుట్టుపని అయినా, చీరల అమ్మకం అయినా, వంటల పేర్లు మార్చుకుని చదువుకోండి, చాలావరకు సరిపోతుంది.

1. ఒక్క వంటతో మొదలుపెట్టండి

మీ ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్ళేటప్పుడు "ఇంకో నాలుగు కట్టివ్వు" అని నోరు తెరిచి అడిగేది ఏది? దానితో మొదలుపెట్టండి. మీకు ఇష్టమైనది కాదు, వాళ్ళు అడిగేది.

మొదటి నెలలోనే జంతికలు, చెక్కలు, అరిసెలు, సున్నుండలు, మైసూరుపాకు, ఇంకో రెండు కలిపి ఏడు పేర్లతో లిస్టు పెట్టేస్తారు చాలామంది. ఏడు వంటలంటే వంటింట్లో ఏడు రకాల సరుకు సగం సగం మిగిలిపోవడం. బెల్లానికి చీమలు, పప్పుకి పురుగు. పైగా ఏ వంట మీద మిగులుతోందో, దేని మీద పోతోందో తెలియదు. 1959లో ముంబై గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయల అప్పు తెచ్చుకుని మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. మొదటి రోజు చేసింది నాలుగంటే నాలుగు ప్యాకెట్లు. అదే లిజ్జత్ పాపడ్. వాళ్ళు అప్పడాలతోపాటు వడియాలు, పచ్చళ్ళు అని ఆ రోజే పెట్టుకుని ఉంటే ఆ 80 రూపాయలు ఏ మూలకి వచ్చేవి?

రెండో వంట ఎప్పుడు? మొదటిదానికి నెలకి ఎంత అమ్ముడవుతుందో మీరు చూడకుండా చెప్పగలిగినప్పుడు.

2. ఒక్క వాయి లెక్క పూర్తిగా కట్టండి

దీనికి ఒక పూట కేటాయించండి. డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, అది లేకుండా ఈ పని కాదు. సోలతో, గ్లాసుతో కొలిచే అలవాటు ఇంటికి బాగుంటుంది.

నేను సున్నుండలకి కట్టిన లెక్క చూపిస్తాను. ధరలు మీ ఊరివి వేసుకోండి. మినప్పప్పు రెండు కిలోలు 260. బెల్లం రెండు కిలోలు 140. నెయ్యి ఒక కిలో 650. ఇంతవరకు 1,050. చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. మర ఆడించడానికి 40, గ్యాస్ 60, అరకిలో డబ్బాలు పది, లేబుళ్ళతో కలిపి 120, సరుకు తేవడానికి ఆటో 60. మొత్తం 1,330.

ఇప్పుడు తూకం. లోపలికి వెళ్ళిన సరుకు ఐదు కిలోలు. ఉండలు చుట్టి తూస్తే 4.7 కిలోలే వచ్చింది. మిగతా 300 గ్రాములు ఎక్కడికి పోయాయి? వేపేటప్పుడు కొంత తడి ఆరిపోయింది, మర నోట్లో కొంత ఉండిపోయింది, జల్లెడలో కొంత, పళ్ళెం అంచుకి కొంత. ఒక ఉండ పక్కింటి పాప తిన్నది. ప్రతి వాయికీ ఇది పోతూనే ఉంటుంది, కాబట్టి ఐదు కిలోలతో కాదు, 4.7తో భాగించాలి.

ఇక అసలు సంగతి. నేను అప్పట్లో కిలో 350కి అమ్మేదాన్ని. 4.7 కిలోలకి 1,645 వచ్చేది. ఖర్చు తీసేస్తే 315 మిగులు. బాగానే ఉంది అనుకున్నాను. అప్పుడు మా అమ్మాయి, డిగ్రీ చదువుతోంది, "ఎన్ని గంటలు పట్టిందమ్మా?" అని అడిగింది. సరుకుకి ఒక గంట, పప్పు వేపడానికి గంట, మర దగ్గర క్యూలో గంట, బెల్లం తరిగి కలపడానికి గంట, చుట్టడానికి గంటన్నర, డబ్బాల్లో సర్ది గిన్నెలు తోమేసరికి ఇంకో గంటన్నర. ఏడు గంటలు. ఏడుతో భాగిస్తే గంటకి 45 రూపాయలు. నేను ఆ రోజు రాత్రి అన్నం సరిగా తినలేదు.

మీ గంటకి ఎంత వేసుకోవాలి? ఇదే పనికి ఇంకొకరిని పిలిస్తే మీ వీధిలో ఎంత అడుగుతారో అంత. మీకు జ్వరం వచ్చిన రోజు ఆ కూలి ఎలాగూ ఇవ్వాల్సిందే. 80 వేసుకున్నాననుకోండి, ఏడు గంటలకి 560. మొత్తం ఖర్చు 1,890, కిలోకి 402. దాని మీద నాలుగో వంతు లాభం కలిపితే 500. అంటే నేను 350కి అమ్మిన ప్రతి కిలోకీ నా చేతి డబ్బు పెట్టి తినిపించినట్టే.

ఇక్కడ చాలామంది భయపడేది ఒక్కటే, రేటు పెంచితే ఎవరు కొంటారని. పెంచే పదిహేను రోజుల ముందే చెప్పండి. "నెయ్యి పెరిగింది, వచ్చే నెల నుంచి కిలో ఇంత" అని ఒక్క మెసేజ్ చాలు, సంజాయిషీలు వద్దు. ఒకేసారి 150 పెంచలేకపోతే మూడు విడతల్లో పెంచండి. బరువు తగ్గించడం, నెయ్యిలో డాల్డా కలపడం మాత్రం వద్దు. తినేవాళ్ళకి మొదటి ముక్కకే తెలిసిపోతుంది, మీకు చెప్పరు, అంతే, ఇంకోసారి రారు.

ఆరు నెలలకోసారి ఈ లెక్క మళ్ళీ కట్టాలి.

3. డబ్బు మీ పేరు మీద పడాలి

మూడేళ్ళు నా వంటలకి క్యూఆర్ కోడ్ మా ఆయన నంబరుది. ఆయన మంచివాడే. కానీ డబ్బు వచ్చినట్టు చప్పుడు ఆయన ఫోన్లో మోగేది, ఆయన ఆఫీసులో ఉండేవాడు. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో సాయంత్రం ఆయన్ని అడిగి తెలుసుకోవాలి. ఆ డబ్బుతోనే కరెంటు బిల్లు, బండిలో పెట్రోలు. నెలాఖరుకి "నీ వ్యాపారంలో ఏం మిగులుతోంది?" అని ఆయనే అడిగేవాడు. దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

మీ పేరుతో, మీ ఫోన్ నంబరుతో విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. పథకాల డబ్బులు పడే ఖాతా వద్దు, అది వేరే ఉండనివ్వండి. అమ్మిన ప్రతి రూపాయీ ఈ కొత్త ఖాతాలోకే రావాలి, సరుకు కొన్న ప్రతి రూపాయీ ఇందులోంచే పోవాలి. చేతికి నోట్లు వస్తే వారానికోసారి తీసుకెళ్ళి అందులో వేయండి.

మీ కూలి మీరు తీసుకోండి. ప్రతి నెలా ఒకటో తారీఖున, ఆ నెల మీరు పనిచేసిన గంటలకి లెక్కకట్టి, వ్యాపారం ఖాతా నుంచి మీ సొంత ఖాతాకి పంపండి. అది ఇంటికి వాడతారో, గాజులకి వాడతారో మీ ఇష్టం. ఇంటికి ఇవ్వకూడదని కాదు నేననేది. ఇచ్చింది పుస్తకంలో ఉండాలి. మా ఇంట్లో ఫ్రిజ్ నా జంతికల డబ్బుతో వచ్చింది, ఆ సంగతి పుస్తకంలో తారీఖుతో సహా ఉంది. రాయక ముందు కొన్నవి ఎవరి డబ్బో ఎవరికీ గుర్తులేదు.

పుస్తకం అంటే పెద్ద అకౌంట్స్ ఏమీ కాదు. తారీఖు, వచ్చింది, పోయింది, ఎవరు బాకీ. ఇంతే. రాత్రి గిన్నెలు తోమాక ఐదు నిమిషాలు.

4. అప్పు తీసుకునే ముందు

మన దగ్గర ఆడవాళ్ళకి అప్పు దొరకడం కష్టం కాదు. డ్వాక్రా 1982లో మొదలైంది, ఇప్పుడు సంఘం లేని ఊరు లేదు. పది, పదిహేను మంది కలిసి పొదుపు చేసుకుంటే బ్యాంకు లింకేజీ రుణం వస్తుంది, పొలం కాగితాలు తాకట్టు పెట్టక్కర్లేదు. సంఘాల ఆడవాళ్ళకి అప్పులిచ్చే స్త్రీనిధి ఉంది. సంఘం లేకపోతే చిన్న వ్యాపారాలకి అప్పులిప్పించే కేంద్ర పథకం ముద్ర ఉంది, 2015లో పెట్టారు. అందులో శిశు అనే మొదటి మెట్టులో 50 వేల దాకా ఇస్తారు, దానికీ తాకట్టు లేదు.

కష్టమంతా వచ్చిన డబ్బు వ్యాపారంలోకి వెళ్ళడంలో ఉంది. రుణం మంజూరైన రోజు ఇంట్లో అందరికీ ఏదో ఒక అవసరం గుర్తొస్తుంది. కాబట్టి అప్పుకి వెళ్ళే ముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఈ డబ్బుతో ఏం కొంటాను, దానివల్ల నెలకి ఎంత అదనంగా వస్తుంది, వాయిదా ఎంత. అదనంగా వచ్చేది వాయిదా కంటే తక్కువైతే అప్పు వద్దు. ఇంటి అవసరానికే తీసుకుంటే తప్పేం లేదు, కానీ దాన్ని ఇంటి అప్పు అనే పిలవండి, వాయిదా ఇంటి డబ్బుల్లోంచి కట్టించండి.

పెద్ద గ్రైండరు, గ్యాస్ బట్టీ లాంటి వస్తువుకి రెండు మూడేళ్ళ అప్పు పరవాలేదు. నూనె డబ్బాలకీ, పప్పుకీ పొడుగాటి అప్పు మంచిది కాదు. నూనె నెలలో అయిపోతుంది, వాయిదా రెండేళ్ళు ఉంటుంది. పండగ సరుకుకి సంఘంలోని అంతర్గత అప్పు తీసుకుని పండగ అవ్వగానే తీర్చేయండి.

వారం వారం వాయిదా కట్టే అప్పుల జోలికి వెళ్ళకండి. పిండివంటలు వారం వారం అమ్ముడుపోయే సరుకు కాదు. సంక్రాంతికి చేతులు ఖాళీ ఉండవు, పెళ్ళిళ్ళ సీజన్లో, ఆషాఢం సారెలకి పొయ్యి ఆరదు, మూఢం వచ్చిందంటే రోజుకి రెండు కిలోలు పోవడం కష్టం. వాయిదా తారీఖు మాత్రం మూఢం చూడదు. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్, అంటే ఇలాంటి చిన్న అప్పులిచ్చే కంపెనీల, వసూళ్ళ మీద ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిందంటే, అప్పటికి ఎన్ని ఇళ్ళ ముందు వసూలు వాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారో ఆలోచించండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు తీసుకున్న రోజున పొయ్యి కట్టేసి, పుస్తకం ముందేసుకుని కూర్చోవాలి.

5. ఇంట్లో ముందే మాట్లాడుకోండి

మగవాళ్ళు కొట్టు పెడితే షట్టరు తీసే టైం, వేసే టైం ఉంటుంది. మన కొట్టు వంటిల్లు. పిల్లాడికి బాక్సు, మామగారికి కాఫీ, మధ్యలో పాకం. పాకం ఒక్క నిమిషం ముదిరితే అరిసెలు రాళ్ళవుతాయి, ఆ నిమిషంలోనే కాలింగ్ బెల్ మోగుతుంది.

"సాయం చేయండి" అని ఊరికే అంటే ఎవరూ చేయరు. పనీ, టైమూ చెప్పి అడగండి. "మంగళ, శుక్రవారాలు పది నుంచి రెండు దాకా నేను పొయ్యి దగ్గరే. ఆ టైంలో తలుపు మీరు తీయాలి, కాఫీ ఫ్లాస్కులో ఉంటుంది." మా మామగారు మొదటి వారం గొణిగారు, మూడో వారానికి ఆర్డర్లు ఫోన్లో రాసుకోవడం ఆయనే మొదలుపెట్టారు. అందరి ఇళ్ళలో ఇలా జరుగుతుందని చెప్పను. ససేమిరా అనే ఇళ్ళుంటాయి. అలాంటప్పుడు ఇంటి బయట, తెలిసినవాళ్ళ వెనక వసారా అయినా సరే, రోజుకి మూడు గంటలకి అద్దెకి దొరుకుతుందేమో చూడండి. ఆ అద్దె కిలో రేటులో కలపండి.

పండగ ఆర్డర్లకి ఆఖరి తారీఖు పెట్టుకోండి. నేను సంక్రాంతికి జనవరి 8తో ఆపేస్తాను. తొమ్మిదో తారీఖున ఫోన్ చేసేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

6. కాగితాలు

తినేవి అమ్ముతున్నారు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇంట్లో చేసినా సరే. వాళ్ళ ఫోస్కోస్ వెబ్‌సైట్లో మీరే చేసుకోవచ్చు, చిన్న వ్యాపారానికి ఫీజు ఏడాదికి 100 రూపాయలు. 14 అంకెల నంబరు వస్తుంది, దాన్ని లేబుల్ మీద వేయాలి. దాంతోపాటు ఏమేం వేసి చేశారు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన తేదీ, ఎప్పటిలోపు తినాలి, మీ పేరు, చిరునామా, ఫోను, శాకాహారమని ఆకుపచ్చ చుక్క.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్లో ఉచితం. దీనికి డబ్బులు తీసుకునే వెబ్‌సైట్లు ఉన్నాయి, మోసపోకండి. లోన్లకి ఇది పనికొస్తుంది.

జీఎస్టీలో ఒక మెలిక చాలామందికి తెలియదు. సరుకు అమ్మేవాళ్ళకి ఏడాది మొత్తం అమ్మకాలు ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇది సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. రాజమండ్రి నుంచి బెంగళూరుకి, చివరికి హైదరాబాదుకి కొరియర్లో అమ్మినా వేరే రాష్ట్రం కిందికే వస్తుంది, అక్కడ ఈ పరిమితి వర్తించదు. బయటి రాష్ట్రాల ఆర్డర్లు మొదలయ్యే ముందే ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గర గంట కూర్చోండి.

7. అమ్మకం, అరువు

అమ్మకానికి మొదట మీ అపార్ట్‌మెంటు గ్రూపూ, పిల్లల స్కూలు గ్రూపూ చాలు. వాట్సాప్ స్టేటస్‌లో రోజూ పెట్టకండి, జనం చూడటం మానేస్తారు. వాయి దించిన రోజు, ఆవిరి పోకముందు తీసిన ఒక్క ఫోటో పెట్టండి. డబ్బాల్లో మాత్రం పూర్తిగా చల్లారాకే సర్దాలి, గోరువెచ్చగా మూతపెడితే లోపల చెమ్మపట్టి జంతికలు మూడోరోజుకి మెత్తబడతాయి.

ఆర్డరుకి సగం అడ్వాన్సు తీసుకోండి. నేను నేర్చుకున్నది ఒక సారె వల్ల. నలభై కిలోల ఆర్డరు, బాగా తెలిసినవాళ్ళు, అడ్వాన్సు అడగడానికి నోరు రాలేదు. అరిసెలు చేసి బుట్టల్లో పెట్టాక వాళ్ళింట్లో పెద్దాయన పోయారు, పెళ్ళి వాయిదా పడింది. ఆ ఇంటికి వెళ్ళి డబ్బు ఎలా అడుగుతాం? వారం రోజులు సగం ధరకి వీధి వీధి తిరిగి అమ్మాను. ఆ నష్టం పూడ్చుకోవడానికి ఐదు నెలలు పట్టింది.

అడ్వాన్సు అడగడం మొహమాటంగా ఉంటే ఆర్డరు తీసుకునే మెసేజ్‌లోనే అది రాసి పెట్టుకోండి, అందరికీ అదే పంపండి. "వదినగారూ, ఆర్డరు రాసుకున్నాను. సగం పంపితే సరుకు తెస్తాను." అంతే. "మనలో మనకి డబ్బులేంటి వదినా" అనేవాళ్ళు ఉంటారు. నేను నవ్వి, "నెయ్యి కొట్టువాడు మన చుట్టం కాదు కదమ్మా" అంటాను. ఇంతవరకు దానికి ఎవరూ బదులు చెప్పలేదు.

అరువు పూర్తిగా మానేయమని చెప్పను, వీధిలో బతకాలి. ఒకరికి ఒక్కసారే, పాత బాకీ తీరాకే కొత్త డబ్బా. బాకీలన్నీ కలిపి ఒక వాయి సరుకు ఖరీదు దాటకూడదు.

కిరాణా కొట్లకి వేసేటప్పుడు "అమ్ముడయ్యాక ఇస్తాం" అంటారు. మొదటిసారి ఐదు డబ్బాలే ఇవ్వండి. కమీషన్ ఎంతో, తిరిగొచ్చిన సరుకు ఎవరి నష్టమో ముందే తేల్చుకోండి. వారానికోసారి మీరే వెళ్ళి చూడండి, నా డబ్బాలు ఒక కొట్లో కిటికీ పక్కన ఎండలో కనిపించాయి, నూనె వాసన వస్తోందని నా పేరే చెడింది.

8. రెండో చేయి

వరసగా మూడు నెలలు ఆర్డర్లు వెనక్కి పంపాల్సి వస్తే మనిషిని పెట్టుకోండి, ఒక్క పండగ రద్దీ చూసి కాదు. మీ గంటకి మొదటి నుంచీ కూలి వేసుకుని ఉంటే రేటు మార్చక్కర్లేదు, ఆ 80 ఆమెకి వెళ్తుంది, మీకు ఆ గంట మిగులుతుంది.

మొదట చుట్టడం, తూయడం, సర్దడం అప్పగించండి. పాకం పట్టడం చివర్లో. కొలతలన్నీ గ్రాముల్లో రాసి వంటింటి గోడకి అంటించండి, మీరు ఊళ్ళో లేని రోజు కూడా అదే రుచి రావాలంటే ఇదొక్కటే దారి. నేర్చుకుని వెళ్ళిపోయి సొంతంగా పెట్టుకుంటుందేమో అని టెన్షన్ పడతారు కొందరు. నా దగ్గర పనిచేసిన ఇద్దరిలో ఒకామె అలాగే వెళ్ళింది. ఇప్పుడు చెక్కల ఆర్డర్లు నేను ఆమెకే పంపుతాను, సున్నుండలు కావాలంటే ఆమె నాకు పంపుతుంది.

కూలి ఏ రోజుది ఆ రోజే ఇచ్చేయండి. వారానికోసారి ఇస్తానంటే ఆమె మధ్యలో ఎవరి దగ్గరో వడ్డీకి తెచ్చుకోవాల్సి వస్తుంది, సోమవారం పనికి రాదు.